క్లోమంలో గడ్డ ఉంటే క్లోమమంతా కోయాల్సిందేనా?

గడ్డ వరకే తీసి అవయవాన్ని నిలిపే ఆపరేషన్లున్నాయి
అందరికీ కాదు, కొందరికే

విడపనకల్లు: కడుపునొప్పి నాలుగు రోజులకు తగ్గకపోతే ఈ మండలంలో జనం గుంతకల్లు బస్సెక్కుతారు, లేదా బళ్లారి పోతారు. ఇంకా తగ్గకపోతే అనంతపురం. ఏదో ఒక ఊళ్లో స్కాను తీస్తారు. "క్లోమంలో గడ్డ ఉంది, పెద్దాస్పత్రికి పోండి" అని కాగితం చేతికిస్తారు. గుండెకాయ తెలుసు, కాలేయం తెలుసు, ఈ క్లోమం ఏమిటో పాల్తూరులోనో డోనేకల్లులోనో ఇంటి పెద్దకు ఎలా తెలుస్తుంది? కాగితంలో గడ్డ అన్న మాట ఒక్కటే అర్థమవుతుంది. గడ్డంటే క్యాన్సరే అనుకొని కొందరు ఇంట్లోనే కూర్చుండిపోతారు. ఉన్న ఎకరా అమ్మి, ఎక్కడ త్వరగా కోస్తే అక్కడ చేరేవారు కొందరు.

రెండూ నష్టమే. క్లోమంలో వచ్చే గడ్డల్లో ప్రాణం తీసేవి ఉన్నాయి, తీసేస్తే మళ్లీ రానివి కూడా ఉన్నాయి. రెండో రకం గడ్డలు కొన్నింటిని క్లోమాన్ని, పక్కనున్న బల్లను పోగొట్టకుండానే తీయవచ్చు. ఏ గడ్డ ఏ రకమో కత్తి పట్టక ముందే తేల్చుకోవాలి. కోసిన తరువాత ఆ అవకాశం ఉండదు.

జానెడు లేని గ్రంథి

జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకొని ఉండే మెత్తని గ్రంథి క్లోమం. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువే. బరువు 100 గ్రాములకు అటూ ఇటూ. కుడివైపున లావుపాటి తల, చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉంటుంది. మధ్యలో నడుము. ఎడమ కొనన తోక, బల్లను తాకుతూ ఉంటుంది. బల్ల అంటే ప్లీహం. మలేరియా వచ్చినవారికి ఎడమ డొక్కలో గట్టిగా తగిలేది అదే. మన పెద్దలు "కడుపులో బల్ల పెరిగింది" అనేది దాని గురించే.

క్లోమం చేసే పనులు రెండు. తిన్న అన్నాన్ని, నూనెను, పప్పును అరిగించే రసం తయారు చేసి, లోపలి నాళం ద్వారా చిన్నపేగులోకి పంపుతుంది. ఇన్సులిన్ తయారు చేసి నేరుగా రక్తంలో కలుపుతుంది. మొదటి పని చెడితే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనం జిడ్డుగా తేలుతుంది, మనిషి ఎండిపోతాడు. రెండోది చెడితే చక్కెర జబ్బు.

ఆరోగ్యంగా ఉన్న క్లోమంలో సగం పోయినా చాలామందికి మిగిలిన సగంతో బతుకు నడుస్తుంది. నాలుగింట మూడు వంతులు దాటి పోతే చక్కెర జబ్బు ముప్పు బాగా పెరుగుతుంది. మొత్తం తీసేస్తే ఆ రోజు నుంచే ఇన్సులిన్ సూది తప్పదు. అది మామూలు చక్కెర జబ్బు కన్నా మొండిది. చక్కెరను దించే ఇన్సులిన్‌తో పాటు, చక్కెర మరీ పడిపోకుండా పైకి లేపే గ్లూకగాన్ కూడా క్లోమంలోనే తయారవుతుంది. రెండూ పోతే ఒక పూట చక్కెర ఎక్కువ, మరో పూట కళ్లు తిరిగేంత తక్కువ.

ఒకే పేరు, వేరు వేరు జబ్బులు

గోవా ముఖ్యమంత్రి మనోహర్ పారికర్ 2019 మార్చిలో క్లోమం క్యాన్సరుతో కన్నుమూశారు. ఆపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమంలో గడ్డ బయటపడింది. ఆపరేషను 2004లో జరిగింది. ఆయన 2011 దాకా బతికారు. ఇద్దరిదీ క్లోమం జబ్బే అని పత్రికల్లో వచ్చింది గాని, జబ్బు ఒకటి కాదు. రసం పారే నాళం గోడలో పుట్టే క్యాన్సరు చాలా దుడుకైనది. జాబ్స్‌కు వచ్చింది హార్మోన్లు తయారు చేసే కణాల్లో పుట్టిన గడ్డ. సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. నెమ్మదిది కదా అని నిర్లక్ష్యం చేస్తే ఇది కూడా కాలేయానికి పాకగలదు.

వయసులో ఉన్న ఆడపిల్లల్లో కనిపించే గడ్డ మరొకటి ఉంది. అమెరికా వైద్యురాలు వర్జీనియా ఫ్రాంట్జ్ 1959లో దీన్ని వివరించారు. ఇది వచ్చేవారిలో అత్యధికులు స్త్రీలే, అందులోనూ ఇరవై, ముప్పై ఏళ్లవారు. కడుపులో బరువుగా ఉందని వెళితేనో, మరేదో కారణానికి స్కాను తీస్తేనో బయటపడుతుంది. చూడటానికి నిమ్మకాయంత, ఒక్కోసారి కొబ్బరికాయంత ఉండి భయపెడుతుంది. అయినా అంచుల దాకా పూర్తిగా తీసేస్తే నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. పెళ్లి కావాల్సిన పిల్లకు క్యాన్సరని ఊళ్లో పుకారు పుట్టించే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

నీటితిత్తుల వంటి గడ్డలు కూడా ఉంటాయి. కొన్నింటిని ఏటా స్కానుతో కనిపెట్టుకుంటే చాలు, కోయనక్కర లేదు.

గాలి సోకిందనుకుంటారు

అన్నిటికన్నా చిత్రమైనది ఇన్సులిన్ తయారు చేసే గడ్డ, ఇన్సులినోమా. పది లక్షల మందిలో ఏడాదికి ఏ కొద్దిమందికో వస్తుంది. అరుదే. కాని వచ్చినప్పుడు దాన్ని గుర్తించక ఏళ్ల తరబడి తిప్పలు పడతారు. అందుకే దీని లక్షణాలు తెలిసి ఉండటం మంచిది.

ఈ గడ్డ వేళాపాళా లేకుండా ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. పొద్దున్నే ఏమీ తినకుండా మిరపచేనికి పోయిన మనిషి పదింటికి ఉన్నట్టుండి చెమటలు పోసి, చేతులు వణికి, పొంతన లేని మాటలు మాట్లాడతాడు. అయినవాళ్లను గుర్తుపట్టడు. తిట్టవచ్చు, కొట్టవచ్చు, ఫిట్స్ వచ్చి పడిపోవచ్చు. పక్కవారు చక్కెర నీళ్లో, టీయో తాగిస్తే పావుగంటలో ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటాడు. ఏం జరిగిందో అతనికి గుర్తుండదు. ఉపవాసం ఉన్న రోజున, పండుగ పనుల్లో భోజనం ఆలస్యమైన రోజున మళ్లీ అదే తంతు.

గాలి సోకిందని తాయెత్తు కడతారు. మూర్ఛ అని మాత్రలు మింగిస్తారు. మతి చెడిందని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవారూ ఉన్నారు. తింటే బాగుంటుందని అర్థమైపోయి రోగే గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ లావెక్కుతాడు.

దీన్ని పట్టుకునే సూత్రం 1930ల నాటిది. అమెరికా సర్జన్ అలెన్ విపుల్ చెప్పింది. ఖాళీ కడుపున ఈ లక్షణాలు రావాలి. ఆ సమయంలో రక్తంలో చక్కెర బాగా తగ్గి ఉండాలి. చక్కెర ఇవ్వగానే తేరుకోవాలి. మూడూ కలిస్తే క్లోమం వైపు చూడాలి. వేలికి సూది గుచ్చి చుక్క రక్తంతో చక్కెర చూసే చిన్న మిషన్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంటున్నాయి. మనిషి పడిపోయిన ఆ నిమిషంలోనే చూడాలి. చక్కెర నీళ్లు తాగి తేరుకున్నాక చూస్తే అంకె మామూలుగానే కనిపిస్తుంది, జబ్బు తప్పించుకుంటుంది. మిషను దగ్గర లేకపోతే మాత్రం దానికోసం ఆగకూడదు, మింగగలిగే స్థితిలో ఉంటే ముందు తీపి ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, 108కు ఫోను చేయాలి.

శనక్కాయ ఒలిచినట్టు

ఇన్సులినోమా గడ్డ సాధారణంగా రెండు సెంటీమీటర్లు దాటదు. శనక్కాయంత. పదింట తొమ్మిది క్యాన్సరు కానివే, ఒంటిగా ఉండేవే. ఇంత చిన్నదాని కోసం క్లోమాన్ని సగానికి నరకడం దేనికి? చుట్టూ ఉన్న మెత్తని కండ నుంచి, పొట్టు నుంచి గింజను ఒలిచినట్టు, గడ్డను మాత్రం ఒలిచి తీస్తారు. క్లోమం క్లోమంగానే ఉంటుంది.

ఇది నిన్న మొన్నటి ఉపాయం కాదు. 1921లో ఇన్సులిన్‌ను కనుగొన్నది కెనడాలోని టొరంటో నగరంలో. అదే నగరంలో 1929లో రోస్కో గ్రాహమ్ అనే సర్జన్, చక్కెర పడిపోయి మాటిమాటికి స్పృహ తప్పే రోగికి ఇలాంటి గడ్డను తీసి నయం చేశారు. ఇన్సులిన్ లేక చచ్చేవారిని బతికించిన ఊరే, ఇన్సులిన్ ఎక్కువై పడిపోయే మనిషినీ నిలబెట్టింది.

అప్పట్లో గడ్డ ఎక్కడుందో పొట్ట తెరిచాక వేళ్లతో తడిమి వెతకడమే దారి. ఇప్పుడు సన్నని గొట్టం చివర స్కాను అమర్చి, నోటి ద్వారా జీర్ణాశయంలోకి పంపి, అక్కడి నుంచి క్లోమాన్ని దగ్గరగా చూస్తున్నారు. మామూలు స్కానుకు దొరకని చిన్న గడ్డలు దీనికి దొరుకుతాయి. అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. తెలుగునాట ఈ ఎండోస్కోపీ విద్యకు పేరు తెచ్చినవారిలో ముందు చెప్పాల్సిన పేరు హైదరాబాదులోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి. 2025లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన ఎం.బి.బి.ఎస్. చదివింది మన పక్కనున్న కర్నూలు వైద్య కళాశాలలో. ఆపరేషనుకు తట్టుకోలేని కొందరికి ఇదే గొట్టం ద్వారా సూది గుచ్చి, గడ్డను వేడితో కాల్చే పద్ధతి కూడా పెద్ద కేంద్రాల్లో వచ్చింది.

ఒలిచి తీయడానికి ఒక షరతు ఉంది. గడ్డ పైపైన ఉండాలి, రసం పారే పెద్ద నాళానికి కాస్త ఎడంగా ఉండాలి. నాళాన్ని ఆనుకొని ఉంటే ఒలిచేటప్పుడు నాళం తెగుతుంది.

కాలువ, గండి

కాలువ నీళ్లు వాడే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. తోక నుంచి తల దాకా క్లోమం మధ్యలో పారే నాళం ఒక కాలువ. దారిలో చిన్న చిన్న పిల్లకాలువలు వచ్చి కలుస్తాయి. చివరకు పేగులో పడుతుంది. గడ్డ సరిగ్గా నడుము దగ్గర, కాలువకు అడ్డంగా కూర్చుంటే ఏం చేయాలి? పాత పద్ధతి ప్రకారం గడ్డతో పాటు అక్కడి నుంచి తోక దాకా తీసేయడమే. బాగున్న తోక కూడా పోతుంది. ఇన్సులిన్ కణాలు దట్టంగా ఉండేది ఆ తోకలోనే.

మరో పద్ధతిలో నడుము ముక్కను మాత్రమే తీస్తారు. తల వైపు తెగిన చోట కుట్టి మూసేస్తారు. తోక వైపు రసం పారడానికి దారి కావాలి గనుక, ఆ కొనను పేగుకో జీర్ణాశయానికో కలిపి కుడతారు. పైకాలువకు కొత్త తూము పెట్టినట్టు. ఇటలీ సర్జన్లు 1980లలో ఈ పద్ధతిని గడ్డలకు వాడుకలోకి తెచ్చారు. తల భాగంలో గడ్డ ఉన్నప్పుడు విపుల్ పేరు మీద ఉన్న పెద్ద ఆపరేషను చేస్తారు. తలతో పాటు చిన్నపేగు మొదలు, పిత్తాశయం, పైత్యనాళంలో కొంత తీసి, మూడు చోట్ల కొత్తగా అతుకులు వేస్తారు. గడ్డ మెతకదైతే పేగును ఉంచి తల వరకే తీసే పద్ధతి ఉంది. జర్మనీలో హాన్స్ బెగర్ 1970లలో దీర్ఘకాల క్లోమం వాపుకు దీన్ని మొదలుపెట్టారు, తరువాత కొన్ని గడ్డలకూ వాడారు.

ఇన్ని లాభాలు చెప్పి నష్టం చెప్పకపోతే తప్పు. అవయవాన్ని నిలిపే ఆపరేషన్లలో గండి పడటం ఎక్కువ. కుట్టు దగ్గర నుంచి క్లోమరసం కారుతుంది. ఇది మాంసాన్ని అరిగించే రసం, లోపల నిలవ ఉంటే చీము పట్టవచ్చు, రక్తనాళాన్ని తినేయవచ్చు. అందుకే పొట్టలో సన్నని గొట్టం పెట్టి బయటికి వదులుతారు. చాలామందికి రోజుల్లోనో వారాల్లోనో దానంతటదే ఎండిపోతుంది. కొందరికి మళ్లీ చికిత్స కావాలి. నడుము ముక్క తీసే పద్ధతిలో తెగిన కొనలు రెండు కనుక గండి భయం ఇంకా ఎక్కువ. పనివాడి చేయి బట్టి ఫలితం. ఏడాదికి ఒకటో రెండో చేసే చోట కన్నా, తరచూ క్లోమం ఆపరేషన్లు చేసే చోటికి పోవడం మేలనేది అందుకే.

నాళం గోడలో పుట్టిన అసలు క్యాన్సరు అయితే ఈ పొదుపు పనికిరాదు. దానికి చుట్టూ బాగున్న భాగాన్ని, పక్కనున్న గ్రంథులను కూడా కలిపి తీయాల్సిందే. "అవయవం ఉంచండి" అని అక్కడ పట్టుబడితే మనిషి దక్కడు.

బల్లను ఎందుకు కాపాడాలి

తోకలో గడ్డ వస్తే తోకతో పాటు బల్లను కూడా తీసేయడం చాలాకాలం మామూలుగా జరిగింది. కారణం, బల్లకు రక్తం తెచ్చే నాళాలు క్లోమం వీపును అంటుకొని పోతాయి. వాటిని విడదీయడం ఓపికతో కూడిన పని. జపాన్ సర్జన్ వతారు కిమురా 1996లో ఆ నాళాలను సన్నని కొమ్మలు ఒక్కొక్కటి ముడివేసుకుంటూ క్లోమం నుంచి ఒలిచి, బల్లను నిలిపే విధానం ప్రకటించారు. అంతకు ముందే 1988లో అమెరికాలో ఆండ్రూ వార్షా మరో దారి చూపారు. పెద్ద నాళాలు తెంచినా, జీర్ణాశయం వైపు నుంచి వచ్చే చిన్న నాళాలతో చాలామందిలో బల్ల బతుకుతుందన్నారు. రెండూ ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారా కూడా చేస్తున్నారు.

బల్ల లేకపోయినా మనిషి బతుకుతాడు, నిజమే. కాని రక్తంలో జొరబడే కొన్ని రకాల సూక్ష్మక్రిములను వడగట్టేది అదే. అది లేనివారికి మామూలు జ్వరంలా మొదలైనది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు. మలేరియా కూడా వారిలో తీవ్రమవుతుంది. బల్ల తీయక తప్పదని ముందే తెలిస్తే ఆపరేషనుకు కనీసం రెండు వారాల ముందు న్యుమోనియా, మెదడువాపు క్రిములకు టీకాలు వేయాలి. తీసినవారు జ్వరం వస్తే రేపు చూద్దాంలే అనుకోకూడదు. పల్లెలో జ్వరానికి ముందు ఆర్‌.ఎం.పి. డాక్టరు దగ్గర ఒక సూది, మర్నాడు మరో సూది, మూడో నాడు పట్నం. బల్ల లేని మనిషికి ఆ మూడు రోజుల వ్యవధి ఉండదు.

ఇక్కడి బతుకులో ఇన్సులిన్

నగరంలో ఒక రోగికి చక్కెర జబ్బు రావడం వేరు, కరువు సీమలో రావడం వేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వాన తప్పిన ఏడు కుటుంబాలు బెంగుళూరుకు వలస పోతాయి. కట్టడం పనిలో ఉన్న మనిషికి వేళకు తిండి దొరకదు. ఇన్సులిన్ వేసుకొని తినకపోతే పడిపోతాడు, వేసుకోకపోతే చక్కెర పెరిగి పుండ్లు మానవు.

మందును ఎక్కడ ఉంచాలన్నది మరో చిక్కు. తెరవని ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్నది చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. నలభై డిగ్రీలు దాటే మే నెలలో రేకుల ఇంట్లో చల్లని చోటు ఏది? కొత్త మట్టి కుండలో, తడి ఇసుక మధ్య మరో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూసి అందులో ఉంచే పద్ధతి కరెంటు లేని చోట్ల పనికి వస్తోంది. నీళ్లు చల్లబడే కుండ మందునూ కాపాడుతుంది.

అరుగుదల రసం చాలనివారికి తిండితో పాటు మింగే గొట్టం మాత్రలు వేరే. వాటిని పంది క్లోమం నుంచి తయారు చేస్తారు, ధర ఎక్కువ, ప్రతి పూటా కావాలి. క్లోమం కొంతైనా మిగిలితే ఈ ఖర్చులన్నీ తప్పవచ్చు, లేదా తగ్గవచ్చు. పల్లెవారికి అవయవం నిలపడం సోకు వ్యవహారం కాదు, నెలనెలా మిగిలే కూలి డబ్బు.

ఎక్కడికి పోవాలి, ఏమడగాలి

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు రాష్ట్రంలో మూడు జిల్లాలనే ముందు తీసుకున్నారు. శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, మూడోది అనంతపురం. పేరు పలుమార్లు మారి 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ఈ పథకం జాబితాలో క్లోమం ఆపరేషన్లు ఉన్నాయి. అన్ని ఆస్పత్రులూ పథకంలో లేవు, ఉన్నవాటిలో అన్నీ ఈ పని చేయవు. సరిహద్దు దాటి బళ్లారికో బెంగుళూరుకో పోయేవారు మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే 104కు ఫోను చేసి కనుక్కోవాలి. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, రాయలసీమవారు తాతల నాటి నుంచి రాయవేలూరు అని పిలుచుకొనే వేలూరులోని సి.ఎం.సి. క్లోమం శస్త్రచికిత్సలకు పేరున్న చోట్లు.

డాక్టరును అడగటానికి మొహమాటపడకూడదు. గడ్డ ఏ రకమని అనుకుంటున్నారు? తలలోనా, నడుములోనా, తోకలోనా? నాళానికి ఎంత దూరం? గడ్డ వరకే తీయడం కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు? బల్ల ఉంటుందా? ఈ ప్రశ్నలకు కోపగించుకొనే డాక్టరు దగ్గర కన్నా, కాగితం మీద బొమ్మ గీసి చూపే డాక్టరు దగ్గర ఆపరేషను చేయించుకోవడం మంచిది. లోపల చూశాక అనుకున్న పద్ధతి మారవచ్చునని కూడా ఆయన ముందే చెబుతాడు.

తీసిన గడ్డను పరీక్షకు పంపుతారు, ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. చాలామంది కుట్లు విప్పించుకొని ఊరికి వచ్చేస్తారు, రిపోర్టు ఆస్పత్రిలోనే ఉండిపోతుంది. గడ్డ మళ్లీ వచ్చే రకమా కాదా, ఏటా స్కాను కావాలా వద్దా అన్నది తేలేది ఆ కాగితంలోనే. దాన్ని తెచ్చుకొని, పాత స్కాను ఫిల్ములతో కలిపి, భూమి పట్టా ఉంచే పెట్టెలోనే ఉంచుకోవాలి.